ఫోను వెనక మూత తీసేదెవరు?

ఛార్జర్ పెడితే ఎక్కదు. మాట్లాడితే అవతలివాళ్లకు వినపడదు. పొద్దున్న నూరు శాతం ఉన్న బ్యాటరీ మధ్యాహ్నం భోజనాల వేళకి ఇరవైకి దిగిపోతుంది. స్మార్ట్‌ఫోన్ వాడే ఇళ్లలో ఈ మూడు రోగాల్లో ఒకటైనా లేని ఇల్లు అరుదు. మూడింటికీ కారణం చాలాసార్లు ఒక చిన్న ముక్క: ఛార్జింగ్ జాక్, మైక్, లేదా పల్చటి బ్యాటరీ. ముక్క ఖరీదు ఫోను ఖరీదులో పిసరంత. దాన్ని ఇంట్లోనే, మన చేతులతోనే మార్చుకోవచ్చా? వీడియోలు చూస్తే పది నిమిషాల పని అంటాయి. కంపెనీవాళ్లు ప్రమాదం అంటారు. బజారులో రిపేరు కుర్రాణ్ణి అడిగితే నవ్వుతాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ముగ్గురికీ సొంత లాభమూ ఉంది.

జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్ లాంటి బస్తీలో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. జంషెడ్‌పూర్ అంటేనే పనిముట్లు పట్టిన చేతుల ఊరు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ పుట్టి, 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మ పోసిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి మనవాళ్లు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, వెల్డర్లుగా వచ్చి స్థిరపడ్డారు. ఆ ఇళ్లలో స్క్రూడ్రైవర్ లేని అల్మారా వెతికినా దొరకదు. ఫ్యాను, మిక్సీ, కుక్కర్ వాల్వు బజారుకు వెళ్లవు, ఇంట్లోనే బాగుపడతాయి. మరోవైపు బస్తీ సువర్ణరేఖ ఒడ్డునే ఉంది. వానాకాలంలో నది పొంగినప్పుడు పల్లపు ఇళ్లలోకి నీళ్లొస్తాయి, ఫోన్లు తడుస్తాయి. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, బ్యాటరీలు ఉబ్బుతాయి. ఇక సాక్చీ బజారు ఆటోలో కాసేపటి దారి, అక్కడ మొబైల్ రిపేరు దుకాణాలకు కొదవ లేదు. ఇంట్లో చేసుకోగల చేతులు, చేసుకోవలసిన అవసరం, చేసిపెట్టే దుకాణం మూడూ ఉన్న చోట ఎవరు ఏది చేయాలన్నది తేలికగా తేలదు.

కాస్త వెనక్కి పోతే ఇది ప్రశ్నే కాదు. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ ఒక హెచ్చరిక చేసింది: 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య మత్సుషితా తయారుచేసిన బీఎల్-5సీ రకం బ్యాటరీలు 4.6 కోట్లు ఛార్జింగ్‌లో వేడెక్కే అవకాశం ఉందని. మన దేశంలో ఆ వార్త దాదాపు బాంబు వార్తగా తిరిగింది. జనం హడలిపోయారు. హడలినవాళ్లు ఏం చేశారో చూడండి: వెనక మూతను బొటనవేలితో నొక్కి జరిపారు, బ్యాటరీ ఊడదీశారు, దాని మీద అచ్చయిన సంఖ్య చదువుకున్నారు. చదువు వచ్చినవాళ్లూ, పక్కింటి పిల్లాడి చేత చదివించుకున్నవాళ్లూ అందరూ ఏ పనిముట్టూ లేకుండా ఫోను విప్పగలిగారు. ఆ ఏడాది జూన్‌లోనే అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి ఐఫోన్‌కు బ్యాటరీ మూతే లేదు. తర్వాత పరిశ్రమ అటే నడిచింది. ఐఫోన్ 4 అడుగున అయిదు రేకుల తలలున్న స్క్రూలు వచ్చాయి, మామూలు స్క్రూడ్రైవర్ వాటి మీద పనిచేయదు. 2015లో గెలాక్సీ ఎస్6తో సామ్‌సంగ్ కూడా తన పెద్ద ఫోన్ల వెనక మూతను గమ్‌తో అతికించేసింది.

కంపెనీలు చెప్పే కారణాలు మూడు: పల్చదనం, గట్టిదనం, నీళ్లు చొరబడకుండా కాపాడడం. మూడూ నిజమైన కారణాలే. అయితే నీళ్ల సంగతి ఒక్కటి పట్టి చూస్తే వాదన కొంచెం వదులవుతుంది. సామ్‌సంగ్ 2014లో తెచ్చిన గెలాక్సీ ఎస్5కు ఐపీ67 స్థాయి నీటి రక్షణ ఉంది, వెనక మూత గోటితో ఊడేది, బ్యాటరీ చేత్తో వచ్చేది. అదే కంపెనీ 2022లో పనివాళ్ల కోసమని అమ్మిన ఎక్స్‌కవర్ 6 ప్రోకు ఐపీ68 ఉంది, ఊడే బ్యాటరీ కూడా ఉంది. కాబట్టి నీళ్లకు భయపడి గమ్ వేశారన్నది సగం జవాబు. మిగతా సగం కొత్త ఫోను ఎన్నేళ్లకు ఒకటి అమ్ముడవ్వాలన్న లెక్కల్లో ఉందని నా అనుమానం.

విప్పే ముందు ఒక మాట. ముక్క మార్చాలనుకున్న ఫోన్లలో చాలావాటికి ముక్క మార్చనక్కరలేదు. ఛార్జింగ్ ఎక్కకపోవడానికి నేను చూసినంతలో అన్నిటికన్నా మామూలు కారణం జేబులోని నూలు పీచు. టైప్-సీ జాక్ నోరు ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు. అందులో 24 పిన్నులు ఉంటాయి. రోజూ కాస్త పీచు చేరి, ఛార్జర్ దాన్ని లోపలికి దిమ్మిసా కొట్టి, చివరికి ప్లగ్ పూర్తిగా దిగని స్థితి వస్తుంది. ఫోను ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్కపుల్లతో మెల్లగా గోకితే ఉండ బయటికి వస్తుంది. సూది, పిన్నీసు, సిమ్ తీసే పిన్ను పెట్టకూడదు, పిన్నులు వంగితే అప్పుడు నిజంగానే జాక్ మార్చాలి. సిమ్ పిన్ను చేసే ఇంకో ఘోరం ఉంది: సిమ్ రంధ్రం అనుకుని మైక్ రంధ్రంలో గుచ్చడం. ఆ రంధ్రం వెనక నీటిని ఆపే పల్చటి పొర, దాని వెనక మైక్ ఉంటాయి. రెండూ ఆ పోటుకు తట్టుకోవు.

మైక్ పోయిందో లేదో కూడా ఇంట్లోనే తేలుతుంది. ఫోన్లో సాధారణంగా ఒకటికి మించి మైకులుంటాయి. అడుగున ఉన్నది కాల్ మాట్లాడడానికి, పైన ఉన్నది చుట్టూ ఉన్న మోతను తగ్గించడానికి, వీడియో తీసేటప్పుడు వినడానికి. వాయిస్ రికార్డర్‌లో ఒకసారి, వీడియోలో ఒకసారి మాట్లాడి విని చూడండి. ఒకటి పలికి ఒకటి పలకకపోతే పోయింది మైక్. రెండూ పలికి కాల్‌లో మాత్రమే వినపడకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో *#0*# కొడితే స్పీకరు, వైబ్రేటరు, టచ్ ఒక్కొక్కటిగా పరీక్షించుకునే తెర వస్తుంది. షావోమీ ఫోన్లలో *#*#6484#*#* అదే పని చేస్తుంది. దుకాణంలో మొదట చేసే పరీక్షలు ఇవే. ఇంకొకటి, తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టడం. ఈ వైద్యం ప్రపంచమంతా ఉంది. 2024లో ఆపిల్ తన సహాయ పత్రంలో అలా చేయవద్దని రాసింది, బియ్యం నలుసులు లోపలికి పోయి పాడు చేస్తాయని. ఆ బియ్యం వండుకు తినొచ్చా అన్నది మాత్రం అందులో లేదు.

ఇక మూత తీద్దాం. మామూలు ఆండ్రాయిడ్ ఫోను లోపల చూస్తే భయపడేంత రద్దీ ఉండదు. పైన మెయిన్ బోర్డు, మధ్యలో బ్యాటరీ, అడుగున ఒక చిన్న బోర్డు. ఆ రెండు బోర్డులనూ కలుపుతూ బ్యాటరీ మీదుగానో కిందుగానో ఒక వెడల్పాటి స్ట్రిప్. అడుగున ఉన్న చిన్న బోర్డును బజారులో సీసీ బోర్డు అంటారు. ఛార్జింగ్ జాక్, కాల్ మైక్ దాని మీదే ఉంటాయి. దాని పక్కన ప్లాస్టిక్ గూట్లో రింగర్, అంటే పెద్ద స్పీకరు. చాలా ఫోన్లలో దానికి తీగలే ఉండవు, చిన్న స్ప్రింగు రేకులు బోర్డును తాకుతుంటాయి. ఇంట్లో చేయగలమా లేదా అన్నది ముక్క ఎంత చిన్నదన్న దాన్ని బట్టి ఉండదు. ఆ ముక్కను ఎలా నిలిపారన్న దాన్ని బట్టి ఉంటుంది. స్క్రూతో, నొక్కుడు కనెక్టరుతో నిలిపితే ఇంటి పని. గమ్‌తో నిలిపితే ఓపికను బట్టి. టంకంతో నిలిపితే దుకాణం పని, అందులో వాదన లేదు.

దీన్ని బట్టి ఒక విచిత్రం కనిపిస్తుంది. మైక్ ఆవగింజ కన్నా కాస్త పెద్దది. దాన్ని ఒక్కదాన్నే మార్చాలంటే వేడి గాలి మిషను కావాలి, వేడి ఎక్కువైతే మైక్ లోపలి పొర పాడవుతుంది, అనుభవం ఉన్నవాళ్లకూ పోతుంది. అదే మైక్‌తో సహా సీసీ బోర్డు మొత్తాన్ని మార్చడం నాలుగైదు స్క్రూలు, రెండు మూడు కనెక్టర్ల పని. అంటే పెద్ద ముక్క మార్చడం తేలిక, చిన్న ముక్క మార్చడం కష్టం. దుకాణంలో మైక్ ఒక్కటే మార్చితే ఖర్చు తగ్గుతుంది, చెత్తా తగ్గుతుంది, కానీ ఆ నైపుణ్యం ఇంట్లో ఉండదు. కొన్ని చవక ఫోన్లలో జాక్‌ను నేరుగా మెయిన్ బోర్డుకే టంకం వేస్తారు. వాటి జోలికి ఇంట్లో పోవద్దు. పాత ఐఫోన్లలో జాక్, మైకులు కలిసి ఒక పొడవైన స్ట్రిప్ మీద ఉంటాయి, అది మిగతావాటి కింద నుంచి సాగుతుంది. దాన్ని తీయడానికి లెక్కలేనన్ని సన్న స్క్రూలు విప్పాలి. చేయలేమని కాదు, ఆదివారం మొత్తం పోతుంది.

రిపేరు వీడియోల్లో నాకు నచ్చనిది ఒకటే, అసలు కష్టమైన ఘట్టాన్ని కత్తిరించేస్తారు. మూత అంచుల చుట్టూ హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ, పీల్చే రబ్బరు బుడిపెతో లాగుతూ, దొరికిన సందులో పల్చటి ప్లాస్టిక్ రేకు దూర్చి చుట్టూ తిప్పడం కనీసం పావుగంట పట్టే పని. వీడియోలో అది మూడు సెకన్లు. ఫోన్లు పోయేది సరిగ్గా అక్కడే. సిమ్ ట్రే తీయకుండా లాగి విరిచేవాళ్లు కొందరు. వెనక మూత మీద వేలిముద్ర సెన్సర్ ఉన్న ఫోన్లలో మూతకూ బోర్డుకూ మధ్య సన్నటి స్ట్రిప్ ఉంటుంది. మూత ఊడిందన్న సంతోషంలో ఒక్కసారిగా ఎత్తితే అది తెగుతుంది, జాక్ మార్చబోయి వేలిముద్ర పోగొట్టుకుంటారు.

లోపల మొదటి పని ఏదైనా సరే, బ్యాటరీ కనెక్టరు తీయడం. కరెంటు ఉండగా స్ట్రిప్పులు ఊడదీస్తే, స్క్రూడ్రైవర్ కొన జారితే, షార్టు అయి మెయిన్ బోర్డుకే ఎసరు. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే వెళ్లాలి. పొడవు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే అది బోర్డును తొలుచుకుని లోపలి దారులను తెంపుతుంది. ఐఫోన్ రిపేరు చేసేవాళ్లు ఈ గాయానికి ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారంటే ఎంత మామూలో అర్థం చేసుకోవచ్చు. తెల్లకాగితం మీద ఫోను బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే టేపుతో అంటిస్తే సరిపోతుంది. కొత్త ముక్క పెట్టాక మూతకు గమ్ వేయకముందే ఫోను వెలిగించి ఛార్జింగ్, కాల్, స్పీకరు అన్నీ చూసుకోవాలి. ఒకసారి తెరిచిన ఫోనుకు మునుపటి నీటి రక్షణ ఉండదు. బీ-7000 గమ్ ఎంత జాగ్రత్తగా వేసినా ఫ్యాక్టరీ పట్టుకు హామీ లేదు. వానాకాలంలో మోకాలిలోతు నీళ్లలో నడిచేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

బ్యాటరీని మిగతా ముక్కలతో కలిపి చర్చించడం నాకు సరిగా అనిపించదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు దాదాపు 19 వాట్-గంటల శక్తి ఉంటుంది. దాన్ని పల్చటి అల్యూమినియం సంచిలో కట్టి, రెండు ధ్రువాల మధ్య కాగితం కన్నా పల్చటి పొర పెట్టి, అడుగున బలమైన గమ్‌తో అతికిస్తారు. ఇనప కొనతో కుళ్లగించి లేపబోతే ఆ పొర చిరుగుతుంది, లోపలే షార్టు అవుతుంది, వేడి వేడిని పెంచుతూ పోతుంది. అప్పుడు వచ్చేది పొగతో ఆగదు. ఇంట్లో చేసేవాళ్లకే కాదు, కంపెనీలకూ ఈ రసాయనం లొంగని సందర్భాలున్నాయి. 2016లో సామ్‌సంగ్ నోట్ 7 ఫోన్లు మండిపోతే వెనక్కి తీసుకున్నారు. తయారీలోనూ, డిజైన్‌లోనూ బ్యాటరీ లోపాలే కారణమని 2017 జనవరిలో ఆ కంపెనీయే వెల్లడించింది.

అందుకని బ్యాటరీ ఇంట్లో ముట్టుకోకూడదా? ఫోనును బట్టి చెప్పాలి. లాగితే సాగి ఊడి వచ్చే టేపుతో అతికించిన బ్యాటరీలున్నాయి, వాటిని ఛార్జి పాతిక శాతం కన్నా కిందికి దించి, లోహపు పనిముట్టు వాడకుండా, ఓపిగ్గా తీయవచ్చు. 2024లో వచ్చిన ఐఫోన్ 16లో ఆపిల్ కొత్త రకం గమ్ పెట్టింది, తొమ్మిది వోల్టుల బ్యాటరీని ఒకటిన్నర నిమిషం తాకిస్తే పట్టు వదులుతుంది. మనసుంటే ఎలాంటి మార్గాలున్నాయో దీన్ని బట్టి తెలుస్తుంది. అడుగంతా గమ్ పూసిన బ్యాటరీ అయితే, లేదా ఇప్పటికే ఉబ్బిన బ్యాటరీ అయితే, పిల్లలున్న ఇంట్లో, మంచం మీద కూర్చుని చేసే పని కాదది. ఉబ్బిన బ్యాటరీలో లోపలి ద్రవం విడిపోయి వాయువు చేరి ఉంటుంది. దాన్ని నొక్కి చదును చేసేవాళ్లను చూశాను. ధైర్యం అనాలో ఇంకేమైనా అనాలో తెలియలేదు.

కొత్త బ్యాటరీ కొనడం మరో చిక్కు. లిథియం బ్యాటరీలు ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్‌లో నమోదు కావాలి. లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నమోదైన ఫ్యాక్టరీ పేరు వస్తుంది. దొంగ సంఖ్య అయితే ఏమీ రాదు, లేదా ఏ బల్బుల కంపెనీ పేరో వస్తుంది. దుకాణంలో అడిగే మాట ఒకటే ఉంటుంది: “ఒరిజినల్ వేయమంటారా అంకుల్, ఫస్ట్ కాపీ చాలా?” ఒరిజినల్ అన్నదాని మీద కూడా ఈ సంఖ్య చూసి తీసుకోవడం నేర్చుకుంటే సగం మోసం అక్కడే ఆగుతుంది.

చేయి తిరిగినవాడికి కూడా అడ్డుపడే గోడ ఇంకొకటి ఉంది, అది కంటికి కనపడదు. 2016లో కొన్ని ఐఫోన్ 6లు బయట హోమ్ బటన్ మార్పించుకున్నాక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయగానే ఎర్రర్ 53 చూపించి పనిచేయడం మానేశాయి. ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ కోర్టుకు వెళ్లగా 2018లో ఆపిల్‌కు 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. తర్వాత పద్ధతి మారింది గానీ ఆలోచన మారలేదు. ముక్కకు ఒక సంఖ్య, ఫోనుకు ఆ సంఖ్య తెలుసు. 2019 నుంచి బయటివాళ్లు బ్యాటరీ మారిస్తే, అది అచ్చం కంపెనీ బ్యాటరీయే అయినా, కొత్త ఐఫోన్లు హెచ్చరిక చూపి బ్యాటరీ ఆరోగ్యం లెక్క దాచేశాయి. ఐఫోన్ 13 వచ్చిన కొత్తలో తెర మారిస్తే ముఖాన్ని గుర్తుపట్టే సౌకర్యం పోయేది, గోల చేశాక సరిచేశారు. ఈ జత కట్టే పద్ధతిని ఆపమని 2024 మార్చిలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం చట్టం చేసింది. 2025 నుంచి కొత్తగా తయారై అమ్మకానికి వచ్చే పరికరాలకు అది వర్తిస్తుంది.

సొంతంగా బాగుచేసుకోండి అని కంపెనీలే పిలిచిన కథ కూడా చెప్పుకోవాలి. ఆపిల్ 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ముక్కలు, పుస్తకాలు, పనిముట్లు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. ఒక అమెరికా విలేఖరి తన చిన్న ఐఫోన్ బ్యాటరీ మార్చడానికి పనిముట్లు అద్దెకు తెప్పించుకుంటే రెండు పెద్ద పెట్టెల్లో దాదాపు 36 కిలోల సామాను వచ్చింది. వారానికి అద్దె 49 డాలర్లు. మార్చాల్సిన బ్యాటరీ బరువు ముప్ఫై గ్రాముల చిల్లర. పిలుపు పిలుపే, ఎవరూ రాకుండా చూసే ఏర్పాటూ అందులోనే ఉంది. ఇందుకు భిన్నంగా ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫెయిర్‌ఫోన్ కంపెనీ మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడే ఫోన్లు తయారుచేస్తోంది. అది చిన్న కంపెనీ, ఫోను చవకా కాదు, అయినా చేయవచ్చని రుజువు చేసింది.

కంపెనీలను చట్టంతో దారికి తెచ్చే పనిలో ఐరోపా పడింది. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ఫోన్లకు పదింటిలో ఇన్ని అని బాగుచేయగల మార్కులు అచ్చువేయించింది. ఐరోపా సమాఖ్య నియమాలు 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా ఏడేళ్లు ముక్కలు దొరకాలి. బ్యాటరీని వాడేవాడే మార్చుకోగలగాలి, లేదంటే అది వెయ్యి సార్లు ఛార్జి చేశాక కూడా 80 శాతం నిలవాలి, ఫోను నీళ్లకు తట్టుకోవాలి. బ్యాటరీని వాడేవాడే మార్చుకోగలగాలన్న మరో బ్యాటరీ చట్టపు నియమం 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలవుతుంది. వెయ్యి సార్ల మినహాయింపు వాకిలి పెద్దదే, ఖరీదైన ఫోన్ల కంపెనీలు అందులోంచే వెళ్లిపోతాయని నా అంచనా.

మన దేశంలో ఈ విషయమై వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. 2024లో బాగుచేయగల సూచీ కోసం ఇంకో కమిటీ వేస్తే దాని నివేదిక 2025లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఎంత లోతుగా విప్పాలి, సమాచారం ఇస్తారా, ముక్కలు సకాలంలో దొరుకుతాయా, పనిముట్లు, స్క్రూల రకాలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అన్నవి అందులోని కొలమానాలు. మంచివే. కానీ కొలవడం వేరు, ముక్కను అమ్మి తీరాలనడం వేరు. ఆ రెండోది చెప్పే చట్టం మనకు ఇంకా రాలేదు.

ఇక్కడ జంషెడ్‌పూర్‌కు దగ్గరి సంగతి ఒకటుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు పుస్తకాలు, తప్పు పట్టే యంత్రాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేశారన్నది నేరం. అందులో పెద్ద మొత్తం టాటా మోటర్స్ మీద పడింది, ఈ ఊళ్లో టెల్కో వైపు లారీలు తయారుచేసే కంపెనీయే అది. వ్యవహారం అప్పీళ్లకు వెళ్లింది, అది వేరే కథ. కమిషన్ తర్కం మాత్రం గమనించదగ్గది. కారు యజమాని తన ఇంజను తానే విప్పుకోవాలని ఎవరూ అనలేదు. వీధి చివర మెకానిక్‌కు ముక్కలూ కాగితాలూ అందాలన్నారు.

నా మటుకు ఫోను విషయంలోనూ చర్చ అక్కడికే రావాలి. ఐరోపా, అమెరికా రాతలన్నీ ఇంటి బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న యజమానిని ఊహించుకుని రాసినవి. కాలిఫోర్నియా ఐఫిక్సిట్ సంస్థ 2003 నుంచి అచ్చువేస్తున్న మార్గదర్శకాలు, 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన రిపేర్ కేఫ్‌లు కూడా ఆ ఊహలోంచే వచ్చాయి. మన వైపు జరిగిన అధ్యయనాలు వేరే మనిషిని చూపిస్తాయి. అస్సా డోరన్, రాబిన్ జెఫ్రీ 2013లో రాసిన ‘ది గ్రేట్ ఇండియన్ ఫోన్ బుక్’లో ఉత్తరాదిలో ఫోన్లు బాగుచేసే మిస్త్రీల గురించి శ్రద్ధగా రాశారు. సయ్యద్ ఇష్తియాక్ అహ్మద్, స్టీవెన్ జాక్సన్, మరొకరు కలిసి ఢాకా రిపేరు బజార్ల మీద 2015లో ప్రచురించిన పరిశోధన, ఆ నైపుణ్యం పుస్తకాల్లో కాక పక్క బల్లవాడి దగ్గర, గురువు దగ్గర, పాడైన బోర్డుల మీద నేర్చుకునేదని చూపింది. సాక్చీలో గానీ, హైదరాబాద్ ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లో గానీ కాసేపు నిలబడితే అదే కనిపిస్తుంది. ఒకడు విప్పుతాడు, ఒకడు మైక్రోస్కోపు కింద టంకం వేస్తాడు, ఇంకొకడు ముక్క కోసం పరుగెత్తుతాడు. ఐటీఐల్లో స్మార్ట్‌ఫోన్ టెక్నీషియన్ కోర్సు ఉంది, మంచిదే, కానీ కంపెనీ బోర్డు పటాలు అందులో చేరినవాళ్లకూ అందవు. మిస్త్రీ దగ్గరున్నది ఎక్కడో లీకైన పటం, ఎవరో తెచ్చిన ఫస్ట్ కాపీ ముక్క. అతని పనిలో నాణ్యత తక్కువని నిందించే కంపెనీయే అతనికి మంచి ముక్క దొరక్కుండా చేస్తోంది.

మిస్త్రీ వైపు మాట్లాడుతున్నానని అతని లోపం దాచను. ఇవాళ ఫోనంటే బ్యాంకు, యూపీఐ, ఆధార్, ఇంటి ఆడపిల్లల ఫొటోలు. చాలామంది ఇంట్లోనే చేసుకోవాలనుకోవడానికి డబ్బు కన్నా ఈ భయమే పెద్ద కారణం. భయం ఉత్తది కాదు. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 16 దుకాణాలకు లోపల నిఘా పెట్టిన ల్యాప్‌టాప్‌లు ఇస్తే ఆరు చోట్ల సొంత ఫైళ్లు తెరిచి చూశారని తేలింది, రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. అక్కడ అంత చదువుకున్న దేశంలో! సామ్‌సంగ్ 2022లో, గూగుల్ పిక్సెల్ ఫోన్లకు 2023 డిసెంబరులో రిపేర్ మోడ్ తెచ్చాయి. దాన్ని వేసి ఇస్తే మిస్త్రీ పరీక్షలన్నీ చేయగలడు, మన ఫైళ్లు కనపడవు. అది లేని ఫోనుకు ఎదురుగా కూర్చుని చేయించుకోవడమే మార్గం. లాక్ సంఖ్య రాసిచ్చి సాయంత్రం వస్తానని వెళ్లిపోవడం మాత్రం వద్దు. జాక్ మార్చడానికి లాక్ సంఖ్య అక్కరలేదు.

భుయ్యాడీహ్ లిట్టీ చౌక్ దగ్గర ఉండే మనిషి నన్ను అడిగితే ఇలా చెబుతాను. పీచు తీయడం, స్పీకరు జాలీ తుడవడం, మైకు పరీక్ష ఇంట్లో చేసుకో. వారంటీ అయిపోయిన ఆండ్రాయిడ్ ఫోనులో స్క్రూలతో ఊడే సీసీ బోర్డు, రింగర్, వైబ్రేటరు కూడా చేసుకోవచ్చు, అదీ ఇంట్లో ఇంకో ఫోను ఉంటే, ముందు రోజే ఫొటోలన్నీ వేరే చోట దాచి ఉంటే. ఈ రెండో షరతు ముఖ్యం. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా తాళం మెయిన్ బోర్డుతో ముడిపడి ఉంటుంది, బోర్డు పోతే లోపలి ఫొటోలు ఏ మిస్త్రీ తీయలేడు. తెర, కెమెరా, ముఖం గుర్తుపట్టే సెన్సర్ల జోలికి పోకు. బ్యాటరీ అయితే ఫోను చూడకుండా మాట ఇవ్వను. నది నీళ్లలో తడిసిన ఫోనైతే వెంటనే ఆపేసి, ఛార్జర్ పెట్టకుండా, సాక్చీ ఆటో ఎక్కు. లోపల ఒండ్రు నీళ్లు ఉన్నప్పుడు గంట గంటకీ తుప్పు పెరుగుతుంది, ఇంట్లో విప్పి ఫ్యాను కింద ఆరబెట్టినా బోర్డు మీది రేకు డబ్బాల కింద తడి అలాగే ఉంటుంది. దుకాణంలో ఆ డబ్బాలు తీసి ద్రావకంతో కడుగుతారు.

మిగిలేది పాత బ్యాటరీ. 2022 ఆగస్టు నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు దాన్ని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. బస్తీలో మాత్రం అది చెత్త బండిలోకో, కబాడీవాడి గోనెలోకో వెళుతుంది, అక్కడ ఇనుముతో పాటు నలుగుతుంది. ఇంట్లో మార్చుకున్నవాళ్లు కనెక్టరు చివర టేపు చుట్టి, ఉబ్బినదైతే పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో వాకిలి బయట పెట్టి, ఆ వారంలోనే కంపెనీ సర్వీసు సెంటరుకో, సేకరించే దుకాణానికో ఇచ్చి రావాలి. వాళ్లు తీసుకోము అంటే చట్టం పేరు చెప్పి అడగవచ్చు.